త్రాగునది అర్పితమా, అలవాటా?

ఇష్టలింగధారియైన గృహస్థు లింగమునకు అర్పింపక ఏదియు స్వీకరింపరాదనుట వీరశైవాచారమునకు మొదటి మెట్టు. అన్నమైనను, ఫలమైనను, గ్రుక్కెడు నీరైనను ముందు అర్పణము, పిదప ప్రసాదము. గుంటూరు, ప్రకాశం ప్రాంతముల గ్రామములలో ఈ నియమమును నేటికిని పాటించు కుటుంబములు కలవు. అయితే ఆ కుటుంబములలోనే పలుచోట్ల ఒక చిన్న మినహాయింపు చాలకాలముగా చోటు చేసికొని యున్నది. తెల్లవారుజామున లేచిన వెంటనే కాఫీయో టీయో త్రాగుట, ఆ తరువాతనే స్నానము, విభూతిధారణము, లింగపూజ. ఎవరైన అడిగినచో "అది ఆహారము కాదు గదా, ద్రవపదార్థము, దానికి దోషము లేదు" అని సమాధానము వచ్చును. ఉపవాసదినములందును ఇదే మాట. శివరాత్రి నాడు మెతుకు ముట్టనివారు నాలుగు గ్లాసుల టీ త్రాగుటకు సంకోచపడరు.

నీటికి లేని ఈ మినహాయింపు కాఫీకి ఎట్లు లభించినది? ఏ గురువును దీనిని అనుగ్రహించినట్లు కనబడదు. పూర్వగ్రంథములలో ఉండుటకు వీలే లేదు. ఏలయన బసవేశ్వరుని కాలమునకు గాని, మల్లికార్జున పండితారాధ్యుల కాలమునకు గాని, వారి చరితలను తెలుగున ద్విపదలుగా రచించిన పాల్కురికి సోమనాథుని కాలమునకు గాని ఈ దేశములో కాఫీ లేదు, టీ హోటలును లేదు. ఉన్న కారణమొక్కటే. ఉదయమున అది పడనిచో తల బరువెక్కును, చిరాకు కలుగును, పూజలో మనస్సు నిలువదు. కనుక దానికి ఈయవలసినది ముందిచ్చి, తరువాత లింగము వద్దకు పోవుచున్నారు. ఇది ఆచార్యులిచ్చిన సడలింపు కాదు, శరీరము పట్టుబట్టి తీసికొన్న సడలింపు. కాఫీ మానినచో ఆరోగ్యము బాగుపడునా అని నేడు అందరును అడుగుచున్నారు. లింగధారియైనవాడు దానితోపాటు మరియొకటి కూడ అడుగవలసి యున్నది. ఉదయమున అతడు మొట్టమొదట ఎవరి ఆజ్ఞను పాటించుచున్నాడు?

ఈ రెండు ప్రశ్నలను కలిపివేసినచో రెండింటికిని సరియైన జవాబు దొరకదు. కాఫీ విషమని, ప్రాణములు తీయునని భయపెట్టి నీతి చెప్పువారు కలరు. ఆ భయము అతిశయోక్తియని తేలిననాడు వారు చెప్పిన నీతియు దానితోపాటే కొట్టుకొనిపోవును. కనుక ముందు దేహమునకు సంబంధించిన మాటను, ఉన్నదున్నట్లు చూడవలెను.

పదునేడవ శతాబ్దములో బాబా బుడన్ అను సూఫీ యెమెన్ దేశపు మోఖా రేవునుండి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని కన్నడదేశమున ప్రసిద్ధమైన ఐతిహ్యము. తోటలు విస్తరించినది మాత్రము ఆంగ్లేయుల పాలనలో, పందొమ్మిదవ శతాబ్దమున. టీ కథ వేరు. తోటలు ఇచ్చట వేసినను ఆకంతయు చాలకాలము విదేశములకే పోయినది. ఈ దేశప్రజలకు దానిని అలవాటు చేయుటకు వ్యాపారులు పనిగట్టుకొని ప్రయత్నించిరి. టీ ప్రచారమునకై 1903లో ప్రభుత్వము ఎగుమతులపై ప్రత్యేకమైన పన్నునే విధించినది. తరువాతి దశాబ్దములలో సంతలలో, రైలు స్టేషన్లలో, మిల్లుల వద్ద టీ కాచి చూపి, రుచి చూపి, అలవాటు చేసిరి. అంతకు పూర్వము ఈ నల్లరేగడి నేలల రైతు ఉదయము త్రాగినది తరవాణియో, మజ్జిగయో, జొన్న అంబలియో. తిన్నది చద్దన్నము. నేడు తాతముత్తాతల నాటి ఆచారమువలె కనబడుచున్న వేకువ కాఫీ నిజమునకు మూడు నాలుగు తరముల వయస్సు గలది మాత్రమే.

దానిని వలదన్న మాటయు తెలుగునాట క్రొత్తది కాదు. జర్మనీ దేశస్థుడైన లూయీ కూనే ప్రకృతి చికిత్సా గ్రంథమును ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేసెను. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమము ఆ అనువాదముతోనే మొదలైనదని ఆ వైద్యులు చెప్పుకొందురు. గాంధీజీ 1942లో పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధములో ఉన్నపుడు ఆరోగ్యమును గూర్చి వ్రాసిన చిన్న పుస్తకములో టీ, కాఫీ, కోకోలను మూడింటిని ఒక్కచోట చేర్చి, శరీరమునకు అవి అవసరము లేదని తేల్చెను. ఈ ప్రాంతపు ప్రకృతి చికిత్సాలయములలో నేటికిని కాఫీ, టీలు మానుటయే తొలి నియమము.

ఇక ఆ పదార్థ మెట్టిది? కాఫీగింజనుండి కెఫీన్‌ను మొదట వేరుచేసినవాడు జర్మనీ రసాయనశాస్త్రవేత్త రుంగే, 1819లో. అతనికి ఆ గింజలిచ్చి పరీక్షింపుమని ప్రోత్సహించినవాడు మహాకవి గేటే. తేయాకులోని సారమును మొదట వేరే పేరుతో పిలిచిరి గాని, అదియు ఇదియే అని పిదప తెలిసినది. మెలకువగా ఉన్నంతసేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము ప్రోగుపడుచుండును. అది తన స్థానములలో చేరిన కొలది అలసట, నిద్ర తోచును. కెఫీన్ రూపములో దానిని పోలియుండుటచే ఆ స్థానములను ముందుగా ఆక్రమించి, అడినోసిన్‌ను లోనికి రానీయదు. అనగా కాఫీ క్రొత్తగా బలము నిచ్చుట లేదు, అలసట యున్నదను వార్తను మాత్రము అడ్డగించుచున్నది. అలసట తీరలేదు, వినబడకపోయినది. సాధారణముగా సుమారు ఐదు గంటలకు గాని త్రాగిన కెఫీన్‌లో సగము దేహమునుండి పోదు. సాయంకాలము 6 గంటలకు త్రాగినదానిలో సగము రాత్రి 11 గంటలకు రక్తములోనే తిరుగుచుండును. గర్భవతులలో ఈ కాలము ఇంకను ఎంతో పెరుగును.

దేహము ఈ మోసమును గ్రహింపకపోదు. అడ్డుపడిన స్థానములకు బదులు మరికొన్నింటిని అది ఏర్పరచుకొనును. అప్పుడు నిన్నటి ఒక్క గ్లాసు నేడు చాలదు, రెండు కావలెను. ఈ సంగతిని గుంటూరు, ప్రకాశం ప్రత్తి రైతులకు వివరించి చెప్పవలసిన పని లేదు. 1980ల దశాబ్దములో క్రొత్త పురుగుమందులు వచ్చినపుడు మొదటి సంవత్సరము ఒక్క పిచికారీతో చేను శుభ్రపడినది. తరువాత రెండు, నాలుగు, పది. చివరకు 1987లో తెల్లదోమ విరుచుకొనిపడి, ఎన్ని మందులు కొట్టినను లొంగక ప్రత్తిని తుడిచిపెట్టినది. అప్పులపాలైన రైతులు కొందరు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. పోలిక అన్నివిధముల సరిపోదు. పురుగులలో మందుకు తట్టుకొన్న జాతి మిగిలి వృద్ధిపొందినది. దేహములోనో, కాఫీ మానిన కొన్ని దినములకే స్థానములు తిరిగి యథాస్థితికి వచ్చును. కాఫీవలన ఎవరును అప్పులపాలగుటయు లేదు. అయినను ఒక్క విషయములో రెండును ఒకటే. మందు అవసరము తీరుటతో ఆగక, మరింత మందుకు అవసరమును సృష్టించుచున్నది. ఇంకొక చిత్రమేమనగా, కాఫీచెట్టు ఈ కెఫీన్‌ను తయారుచేసికొనుచున్నది మానవుల కొరకు కాదు. తన ఆకును, గింజను తినవచ్చు పురుగులనుండి కాపాడుకొనుటకు. అది ఆ చెట్టు పురుగుమందు.

మానినపుడు కలుగు బాధ కల్పితము కాదు. చివరి గ్లాసు త్రాగిన 12 నుండి 24 గంటలలో తలనొప్పి మొదలగును. ఒకటి రెండు దినములలో తీవ్రమగును. తొమ్మిది దినములలోపల సాధారణముగా తగ్గిపోవును. బడలిక, చిరాకు, పనియందు మనస్సు నిలువకుండుట దానితోపాటు వచ్చును. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో ఈ స్థితిని తన రోగముల పట్టికలో చేర్చినది. పూజకు ముందు కాఫీ లేనిచో ఏకాగ్రత కుదరదనువారు అబద్ధము చెప్పుట లేదు. అయితే ఆ ఏకాగ్రతను రాత్రియంతయు పోగొట్టినదియు, ఉదయము తిరిగి ఇచ్చినదియు ఒకటేయని వారు గమనింపలేదు.

ఇంత చెప్పినను, కాఫీ త్రాగు ప్రతివాడును రోగియగునని చెప్పుట అసత్యము. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1991లో కాఫీని మూత్రాశయపు క్యాన్సరు విషయమున అనుమానించినను, 2016లో ఆ అనుమానమును ఉపసంహరించుకొన్నది. 65 డిగ్రీలను మించిన వేడితో ఏ పానీయము త్రాగినను అన్నవాహికకు కీడని మాత్రము చెప్పినది. పొగలు గ్రక్కు టీని ఊదుకొనుచు త్రాగువారికి ఇది ముఖ్యమైన మాట. మితముగా కాఫీ త్రాగువారిలో కాలేయవ్యాధులు తక్కువగా కనబడుచున్నవనియు అధ్యయనములు కలవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలు దినమునకు 300 మిల్లీగ్రాముల కెఫీన్‌ను మించరాదనుచున్నవి గాని, పూర్తిగా విడువుమనుట లేదు. 150 మిల్లీలీటర్ల కాఫీ డికాక్షనుతో చేసినదైనచో 80 నుండి 120, పొడి కలిపినదైనచో 50 నుండి 65, టీయైనచో 30 నుండి 65 మిల్లీగ్రాములని ఆ సంస్థ లెక్క. దినమునకు రెండు గ్లాసులతో తృప్తిపడువాడు ఈ హద్దులోనే యున్నాడు.

కాని ఆ సూచనలలోనే ఉన్న మరియొక వాక్యము లింగాయత కుటుంబములు ప్రత్యేకముగా పట్టించుకొనవలసినది. భోజనమునకు ఒక గంట ముందును, ఒక గంట తరువాతను టీ, కాఫీలు త్రాగరాదని. వానిలోని టానినులు ఆహారములోని ఇనుమును పట్టివేసి, రక్తములో చేరనీయవు. మాంసములోని ఇనుముకంటె ఆకుకూరలు, పప్పులు, ధాన్యములలోని ఇనుమునకు ఈ నష్టము ఎక్కువ. వీరశైవులు శాకాహారులు. వారి కంచములోని ఇనుమంతయు ఆ రెండవ జాతిదే. ఇడ్లీ తిని కాఫీ, అన్నము తిని టీ త్రాగు ఇల్లాలు తోటకూర వండినను, మునగాకు వండినను దాని ఫలమును కొంత తన చేతులతోనే పారబోయుచున్నది. ఆంధ్రదేశమున సగమునకు మించిన స్త్రీలు రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు మరల మరల చెప్పుచున్నవి. ఆ రక్తహీనతకు టీయే కారణమనరాదు. చాలనంత తిండి లేకపోవుట, కడుపులో నులిపురుగులు, వరుస కాన్పులు అంతకంటె పెద్ద కారణములు. ఉన్న కొద్దిపాటి ఇనుమును కూడ పోగొట్టుకొనుట మాత్రము తప్పింపదగినది.

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములవారికి ఇంకొకటి కలదు. ఆ ప్రాంతములు నెల్లూరు జిల్లాలో ఉన్న 1937లోనే అచ్చటి నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచివేయుచున్నదని వైద్యులు ప్రకటించిరి. భారతదేశమున ఈ వ్యాధిని గూర్చిన తొలి వార్తలలో అది యొకటి. తేయమొక్క నేలనుండి ఫ్లోరైడును పీల్చి ఆకులలో దాచుకొను స్వభావము గలది. ఆ ఆకును ఫ్లోరైడు నీటిలోనే మరిగించి దినమునకు ఐదారుమార్లు త్రాగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. ఇక చక్కెర. గ్లాసునకు రెండు చెంచాలు, అనగా సుమారు పది గ్రాములు. ఐదు గ్లాసులకు యాబది. చేర్చుకొను చక్కెర అంతయు కలిసి దినమునకు ఇరువదియైదు గ్రాములలోపల ఉండుట మేలని, యాబది మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. మధుమేహమున్న ఇంటిలో కెఫీన్‌ను గూర్చి వాదించుటకంటె ముందు ఈ లెక్క చూచుకొనుట మంచిది.

కనుక ఆరోగ్యము అను ప్రశ్నకు జవాబు మనిషిని బట్టి మారును. గర్భవతికి, నిద్రపట్టనివానికి, గుండెదడ గలవానికి, రక్తహీనురాలికి ఒక జవాబు. దినమునకొక గ్లాసు త్రాగి హాయిగా నిద్రించు అరువదేండ్ల వృద్ధునికి మరియొకటి. ఆయనచే మాన్పించి సాధించునది ఏమియు లేదు.

రెండవ ప్రశ్న ఇట్లు మనిషికొక తీరున మారదు. కెఫీన్ దేహమునకు కీడు చేయదనియే అనుకొందము. అయినను, ఒక పదార్థము లేనిదే దైవము ఎదుట కూర్చుండలేని స్థితి తగినదేనా? దీనికి ఎదురుమాట సులభముగా దొరకును. అన్నము లేకను మనిషి ఉండలేడు గదా, నీరు లేకను ఉండలేడు గదా, వానికి లొంగుట బంధము కానపుడు కాఫీకి లొంగుట బంధమెట్లగును? ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. బసవమార్గము దేహమును శోషింపజేయుమని చెప్పినది కాదు. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని వద్ద మంత్రిపదవి నిర్వహించిన గృహస్థు. దేహమే దేవాలయమని భావించినవారికి దేహావసరములు నింద్యములు కావు.

అన్నమునకును కాఫీకిని భేదము వేరొకచోట ఉన్నది. అన్నము తీర్చు ఆకలిని అన్నము పుట్టింపలేదు. అది దేహముతో కూడ వచ్చినది, జీవునకు ఈయబడినది. కాఫీ తీర్చు తలనొప్పిని నిన్నటి కాఫీయే పుట్టించినది. మొదటిదానిని అర్పించునపుడు మానవుడు "ఇది నీవిచ్చిన ఆకలి, నీవిచ్చిన ధాన్యము" అని ఒప్పుకొనుచున్నాడు. రెండవదానిలో అట్లు ఒప్పుకొనదగినది సగమే కలదు. గింజ దైవమిచ్చినదే. ఆ తపన మాత్రము మానవుడు తనకు తాను తెచ్చిపెట్టుకొన్నది. అప్పు తీర్చుటకు మరల అప్పు చేయువాని వలె, కాఫీ త్రాగువాడు కాఫీకే వడ్డీ కట్టుచున్నాడు. ఇందు పాపమేమియు లేదు. ఇతరులకు హింస లేదు. మద్యమువలె ఇల్లు కూల్చునది కాదు. దానితో సమానము చేసి మాటలాడువారు మద్యమువలన నాశనమైన ఇండ్లను చూడనివారు. ఉన్న లోపమంతయు క్రమమునకు సంబంధించినది. ముందు ఉండవలసినది వెనుకకు పోయి, వెనుక ఉండవలసినది ముందునకు వచ్చినది.

అట్లయినచో దానికి తగిన సవరణయు క్రమమునకు సంబంధించినదే. కాఫీని లింగపూజకు ఇవతలికి జరుపుట. స్నానము, పూజ ముగించి, ఆ గ్లాసును కూడ లింగమునకు అర్పించి, ప్రసాదముగా స్వీకరించుట. కాఫీని అర్పింపవచ్చునా అని కొందరు శంకింతురు. పాలు, గింజలు, బెల్లము ఏవియు నిషిద్ధములు కావు గనుక అర్పింపరాదనుటకు ఆధారము లేదు. చిన్నదిగా కనబడు ఈ మార్పు చేసిచూచినవారికి గాని దాని బరువు తెలియదు. అవలీలగా జరుపగలిగినవాడు దానిని పూర్తిగా మానవలసిన అవసరము అంతగా లేదు. జరుపలేకపోయినవానికి, తాను ఇంతవరకు అనుకొన్నట్లు అది "ద్రవపదార్థము" మాత్రము కాదని ఆ గంటసేపటిలో తెలియును.

పూర్తిగా మానినవారికి వచ్చు చిక్కులు మరికొన్ని. మొదటిది గర్వము. మానిన మూడవ వారమునకే ఊరంతయు తెలియునట్లు చెప్పువారు, త్రాగువారిని జాలిగా చూచువారు బయలుదేరుదురు. కాఫీ విడిచి అహంకారమును పట్టుకొన్నచో బేరము నష్టమే. రెండవది ఇంటిలోని పని. ఇంటి యజమాని కాఫీ మాని రాగిజావ, శొంఠి కషాయము, ధనియాల నీరు మొదలుపెట్టును. అత్తగారికి డికాక్షను, పిల్లలకు పాలు, వచ్చినవారికి టీ ఎప్పటివలెనే ఉండును. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి పొయ్యి వెలిగించు ఇల్లాలికి ఒక గిన్నె పెరిగినది గాని తగ్గలేదు. త్యాగము ఒకరిది, శ్రమ మరియొకరిది. కాయకమును కైలాసముగా చెప్పిన మార్గములో ఇది పొసగదు. తన జావ తాను కాచుకొన్నపుడు ఆ త్యాగమునకు కొంత అర్థము కలుగును.

మూడవ చిక్కు అన్నింటికంటె పెద్దది. అది ఈ ప్రాంతమునకు చెందినది. తెలుగుపల్లెల టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి యుండెడిది. అగ్రవర్ణములకు గాజుగ్లాసు, దళితులకు వేరొక గ్లాసు. వారు త్రాగి, తామే కడిగి, వేరుగా బోర్లించవలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో శిక్షాచట్టము వచ్చినది. అయినను ఆ గ్లాసులు దశాబ్దముల తరబడి బల్లపై నిలిచినవి. కొన్నిచోట్ల వాని స్థానమున కాగితపు గ్లాసులు వచ్చి, పద్ధతి పోయినదో దాగినదో తెలియని స్థితి ఏర్పడినది. 1985లో కారంచేడులో జరిగిన ఘోరమునకు మొదలు మంచినీటి చెరువువద్ద పుట్టిన తగవు. ఈ నేలపై త్రాగు పాత్రకు అంతటి చరిత్ర కలదు.

అట్టిచోట, ఒక లింగాయత రైతు తన చేనిలో పనిచేయు దళితుని ఇంటికి పెండ్లికో, పరామర్శకో వెళ్ళెననుకొందము. ఆ ఇంటివారు టీ తెచ్చి ఇత్తురు. "నేను టీ మానితిని" అని అతడు నిజమే చెప్పును. ఆ నిజము వారి చెవులకు ఎట్లు వినబడును? తరతరములుగా "మీ ఇంట త్రాగము" అను మాట ఎన్ని వేషములలో వచ్చినదో వారికి తెలియును. కడుపునొప్పి, ఉపవాసము, ఇప్పుడే త్రాగితిమి. ఆరోగ్యవ్రతము ఆ వరుసలో మరియొకటిగానే తోచును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శివనాగుమయ్య కథ చదివినవారికి, అతని సహవాసము చేసెనని బసవేశ్వరునిపై బిజ్జలునివద్ద ఫిర్యాదు జరిగిన సంగతి తెలిసినదే. ఆ కథను పారాయణము చేయువాడు టీ గ్లాసును వెనుకకు త్రోయునపుడు, వ్రతమునకును దాసోహధర్మమునకును నడుమ ఒకదానిని ఎన్నుకొనుచున్నాడు.

ఇందు తీర్పు కష్టము కాదు. ఆరోగ్యనియమము తన సుఖమునకు సంబంధించినది, ఆతిథ్యమును తిరస్కరించుట ఎదుటివాని మానమునకు సంబంధించినది. మొదటిది రెండవదానికి లోబడవలెను. వైద్యకారణముచే టీ బొత్తిగా పనికిరానివాడు ఆ ఇంటి కుండలోని నీరు అడిగి, వారి గ్లాసుతోనే, వారి ఎదుటనే త్రాగవలెను. మజ్జిగ యున్నచో అడిగి పుచ్చుకొనవలెను. అట్టి కారణము లేనివాడు ఆ టీయే త్రాగుట ఉత్తమము. ఒక్క గ్లాసుతో వ్రతము చెడినను, మరునాడు తిరిగి మొదలుపెట్టుకొనవచ్చును. టీ మానితినని నీరును కూడ వద్దన్నవాని విషయములో సంశయింపవలసినది కెఫీన్‌ను గూర్చి కాదు.

ఇదే రైతు చేనివద్ద మరియొక లెక్క యున్నది. మిరపకోతల కాలములో, పుష్యమాసమునుండి చైత్రమువరకు, కూలిస్త్రీలు వేకువన లేచి, వండి, ఆటోలలోనో ట్రాక్టర్లమీదనో ప్రయాణము చేసి, ఎండలో వంగి కాయ కోయుదురు. గుంటూరు మిరపయార్డులో బస్తాలెత్తు హమాలీల సంగతియు ఇంతే. వీరికి మధ్యమధ్య టీ వచ్చును. ఆ టీ ఆకలిని కొంతసేపు అణచును, అలసటను మరుగుపరచును, మరి రెండు గంటలు పని జరుగును. అలసట వార్తను అడ్డగించుటవలన ఇచ్చట లాభము పొందువారు ఎవరు? ఇంటివద్ద ఆరోగ్యముకొరకు కాఫీ మాని, చేనివద్ద తిండికి బదులు టీతో సరిపెట్టు యజమాని తన దేహమును మాత్రమే దేవాలయమని నమ్మినట్లగును. కూలివారి టీని మాన్పించుమని కాదు. పగటి చాకిరిలో అది వారికి మిగిలిన ఒక్క విరామము, నలుగురు కూర్చుండి మాటలాడుకొను ఒక్క నిమిషము. దానిని తీసివేయు హక్కు ఎవరికిని లేదు. దానితోపాటు ఉడికించిన శనగలో, వేరుశనగపప్పుతో బెల్లమో పెట్టవచ్చును. పగటి భోజనమునకును టీకిని గంట ఎడమిచ్చి, భోజనమువేళ నిమ్మకాయ నీరు ఈయవచ్చును. నిమ్మపులుసు ధాన్యములలోని ఇనుమును రక్తములో చేరుటకు తోడ్పడును. దీనికగు ఖర్చు ఒక క్వింటాలు మిరప ధరలో లెక్కింపదగినంత కూడ ఉండదు.

కాఫీగింజ పండించువారి మాట కూడ ఉన్నది. అరకు లోయ గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. పోడు కొండలపై నీడచెట్ల క్రింద పెరుగు ఆ తోటలు వేలాది కుటుంబములకు జీవనాధారము. అందరును మానివేసినచో వారి కాయక మేమగునని అడుగువారికి, అందరును మానుట జరుగబోదని చెప్పి ఊరకుండవచ్చును. త్రాగువాడు ఎవరి కష్టము త్రాగుచున్నాడో తెలిసి త్రాగినచో అదియు మంచిదే.

మానదలచినవారు ఒక్కసారిగా విడుచుటకంటె రెండు మూడు వారములలో తగ్గించుట సులభము. మొదట సాయంకాలపు గ్లాసును విడువవలెను. దానివలన నిద్ర కుదుటపడి, ఉదయపు తపన దానంతట అదే కొంత తగ్గును. తరువాత పదిగంటల గ్లాసు. డికాక్షనులో పాలు పెంచి, గ్లాసు చిన్నది చేయుట ఒక ఉపాయము. తలనొప్పి వచ్చినచో నీరు త్రాగి, తొందరగా నిద్రించుట చాలును. ఆ నొప్పికి మాత్రలు కొనునపుడు వానిలో కొన్నింటియందు కెఫీన్ కలిసియుండునని మరువరాదు. గర్భవతులు వైద్యుని అడిగి ముందుగా తగ్గించుకొనవలెను. పిల్లలకు అలవాటే చేయకుండుట అన్నింటికంటె తేలిక. కోతల రోజులలోను, యార్డునకు సరుకు తోలు రోజులలోను మొదలుపెట్టినవారు సాధారణముగా నాలుగవ దినమునకే ఓడిపోవుదురు. కోతలు ముగిసి, చేలు బీడుపడి, ఇంటింట మజ్జిగకుండ నిండియుండు వైశాఖ జ్యేష్ఠములు ఈ పనికి అనువైనవి. ఉదయపు గ్లాసును చివరకు ఉంచుకొని, దానిని పూజకు ఇవతలికి జరిపి, అక్కడినుండి విడుచుటయో ఉంచుకొనుటయో నిర్ణయించుకొనవచ్చును.